ఒకే నీళ్లు, రెండు రకాల రోటిఫర్లు ఎలా?

తమ్ముడూ, విశాఖలోని ముడసర్లోవ జలాశయం నుంచి ఒకే బకెట్ నీళ్లు తెచ్చి రెండు సీసాల్లో పోస్తే, ఒకదానిలో రోటిఫర్లకు (మైక్రోస్కోప్‌లో చూసే చిన్న నీటి జీవులకు) పొడుగు ముళ్లు, రెండోదానిలో నున్నగా ఉన్నాయన్నావు. జాతులు కలిసిపోయాయని టెన్షన్ వద్దు. నీ ఫొటో చూస్తే బ్రాకియోనస్ కాలిసిఫ్లోరస్ అనే రోటిఫర్ జాతిలాగే ఉంది. అది అలాగే రూపం మారుస్తుంది.

ముళ్ల సీసాలో సంచిలాంటి, గాజులా కనబడే పెద్ద రోటిఫర్ ఉందేమో వెతుకు. అది ఆస్ప్లాంక్నా, వీటిని మింగేస్తుంది. దాని నుంచి నీళ్లలోకి వచ్చే రసాయనం సోకితే తల్లికి ఏమీ కాదు, పుట్టబోయే పిల్లలకు ముళ్లు పొడుగవుతాయి. గొంతులో అడ్డంపడే పిల్లని ఎవరు మింగుతారు! 1952లోనే బోషాంప్ అనే ఆయన ఇది గమనించాడు.

అయితే ఒక మెలిక ఉంది. తిండి తక్కువైనా ముళ్లు పెరుగుతాయి. అందుకే ముందు రెండు సీసాలకూ పచ్చనాచు నీళ్లు సమానంగా పోయి. తర్వాత ముళ్ల సీసా నీటిని ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి, నున్నటివాటిలో కొన్నిటిని వేరే గిన్నెలోకి తీసి, వడకట్టిన ఆ నీటిని అందులో కలుపు. రెండు మూడు రోజుల్లో పుట్టే పిల్లలను చూడు, పెద్దవాటిని కాదు. కుళాయి నీళ్లు మాత్రం వద్దు, క్లోరిన్‌కి అన్నీ పోతాయి.