సైఫన్ బాగానే ఉంది, రంధ్రం మూయడమే తప్పు

ప్రశ్న: డాబా మీద 500 లీటర్ల డ్రమ్ములో 30 బంగారుతీగ చేపలు పెంచుతున్నాను. ఒక్కోటి పావు కిలో తూగుతుంది. పైన నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న కంకర తొట్టెలో పుదీనా, పాలకూర వేశాను. పంపు డ్రమ్ము నీళ్లను తొట్టెలోకి ఎక్కిస్తుంది, తొట్టె నిండగానే సైఫన్ వాటిని ఒక్కసారిగా లాగి మళ్లీ డ్రమ్ములోకి దింపాలి. నెల కిందటి నుంచి తొట్టె నిండినా సైఫన్ లాగలేదు, నీళ్లు సన్నగా కారేవి. గాలి లీకవుతోందని బెల్లు పైపు (తొట్టెలోని నిలువు పైపు మీద బోర్లించే, పైమూత ఉన్న లావు పైపు) అడుగున ఉన్న రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూశాను. షాపతను చెబితే గంటకు 2000 లీటర్ల పంపు కొన్నాను. ఇప్పుడు సైఫన్ లాగుతోంది కానీ ఆగడం లేదు, తొట్టె మళ్లీ నిండడం లేదు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పుదీనా పసుపు పడింది. షాపతను ఒక పురుగుమందు సీసా కూడా ఇచ్చాడు. కొట్టొచ్చా? బెల్లు మార్చాలా?
– ఒక రైతు, హసన్‌పర్తి, హనుమకొండ జిల్లా

జవాబు: మందు కొట్టకండి. సీసా మూత కూడా తీయకండి. బెల్లు మార్చనక్కర్లేదు.

ముందు చేపల సంగతి చూడండి. ఈ రోజు నుంచి మూడు రోజులు మేత పూర్తిగా ఆపండి. డ్రమ్ములోంచి 100 లీటర్ల నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పోయండి. నల్లా నీళ్లయితే ఒక రోజు ముందే పట్టి, గాలి మోటారు పెట్టి ఉంచినవే పోయాలి. నల్లా నీళ్లలోని క్లోరిన్ చేపలకూ, కంకరలో బతికే బ్యాక్టీరియాకూ చేటు. రాత్రంతా గాలి మోటారు ఆగకూడదు. కరెంటు పోతే నడిచేలా బ్యాటరీది ఒకటి దగ్గర పెట్టుకోండి. నీళ్లలో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారే ముందే, మీ చేపలు ఆ వేళకే పైకి రావడానికి అదే కారణం.

ఇక సైఫన్. మీరు మూసిన రంధ్రం లీకు కాదు, సైఫన్‌ను ఆపే రంధ్రం అదే. ఆలోచించండి, తొట్టె నిండినప్పుడు అది నీళ్లలో మునిగి ఉంటుంది. మునిగిన రంధ్రం గాలి ఎలా లాగుతుంది? నీళ్లు అడుగుకు దిగాక అది బయటపడి, గాలి లోపలికి పోయి, గుటగుటమని చప్పుడై లాగడం ఆగాలి. ఎం-సీల్ గీకేయండి. రాకపోతే దాని పక్కనే, అడుగున కోసిన గాట్లకు కాస్త పైన, 10 మి.మీ. రంధ్రం కొత్తగా వేయండి. లీకు అనుమానం ఉంటే చూడాల్సింది బెల్లు పైమూత. దాన్ని తలకిందులు చేసి నీళ్లు నింపి పది నిమిషాలు పట్టుకోండి. మూత అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తే ఎం-సీల్ పెట్టాల్సింది అక్కడ.

పాత పంపుతో సైఫన్ ఎందుకు లాగలేదంటే నీళ్లు చాలలేదు. లోపల నిలబెట్టిన పైపు గొంతు నిండా ఒక్కసారిగా నీళ్లు దిగితేనే గాలిని తోసుకుపోతాయి. తక్కువ నీళ్లు పైపు అంచున పొరలా జారిపోతాయి, ఎంతసేపు చూసినా అంతే. కొత్త పంపుతో కథ తిరగబడింది. సైఫన్ ఎంత బయటికి పోస్తుందో దాదాపు అంతా పంపు తెచ్చి పోస్తోంది, రంధ్రమూ మూసుకుంది, ఇక ఆగేదెట్లా?

మీ తొట్టెకు గంటకు 200 నుంచి 500 లీటర్లు చాలు. పంపు డబ్బా మీది అంకె నమ్మకండి, అది నీళ్లను ఏ ఎత్తుకూ ఎక్కించనప్పటి లెక్క. 10 లీటర్ల బకెట్ తొట్టె పైపు కింద పెట్టి ఫోన్‌లో సమయం చూడండి. రెండు నిమిషాలకు నిండితే గంటకు 300 లీటర్లు, అది సరిపోతుంది. 72 సెకన్ల కన్నా ముందే నిండితే ఎక్కువ, మూడు నిమిషాలు దాటితే తక్కువ. కొన్న పంపును పారేయనక్కర్లేదు. దాని పైపుకు టీ జాయింటు వేసి, ఒక కొమ్మను బాల్ వాల్వుతో తొట్టెకూ, రెండోదాన్ని తిరిగి డ్రమ్ములోకీ పెట్టండి. మిగిలిన నీళ్లు పైనుంచి డ్రమ్ములో పడితే చేపలకు గాలి కూడా అందుతుంది.

కొలతలు సరిచూసుకోండి: నిలువు పైపు 25 మి.మీ., దాని నెత్తిన 40–25 రెడ్యూసర్, బెల్లు 75 మి.మీ., కంకర లోపలికి రాకుండా బెల్లు చుట్టూ పెట్టే జాలి పైపు 110 మి.మీ. ఆ రెడ్యూసర్ గరాటులా నీళ్లను కూడగట్టి సైఫన్‌ను తేలిగ్గా లేపుతుంది. తొట్టె కింద బయటికొచ్చే పైపుకు ఒక ఎల్బో వేయండి. దాని కొన డ్రమ్ము నీళ్లలో మునగకూడదు.

పాత పంపులో నీళ్లెందుకు తగ్గాయో చూశారా? దాని స్పాంజి తీసి పిండి చూడండి. నల్లటి బురద కారితే అది చేపల రెట్ట, తినకుండా వదిలేసిన మేత. జాలి పైపు కూడా పైకి లాగండి. పుదీనా వేళ్లు జడ అల్లినట్టు దాని కన్నాల్లోంచి లోపలికి దూరి ఉంటాయి. కత్తెరతో కోసేయండి. పుదీనాను జాలికి జానెడు దూరంలో పెట్టాల్సింది. కంకరను కడగాల్సి వస్తే డ్రమ్ము నీళ్లతోనే కడగండి, నల్లా కింద కాదు.

అసలు జబ్బు ఇక్కడే ఉంది. మేత ఎంత వేస్తున్నారో మీరు రాయలేదు. ఇలాంటి ఇళ్లలో నేను అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, ‘పొద్దున దోసెడు, సాయంత్రం దోసెడు’. ఆ దోసెడు ఒక్కసారి తూచండి, వంద గ్రాములకు తగ్గదు. ఆకుకూరలు వేసిన చదరపు మీటరు తొట్టె రోజుకు 40–50 గ్రాముల మేతను మాత్రమే మోయగలదు. మీది సుమారు 1.1 చదరపు మీటర్లు. అంటే తొట్టె ఓర్చేదానికి నాలుగు రెట్లు పడుతోందన్నమాట. ఏడున్నర కిలోల చేపలకు ఒంటి బరువులో ఒకటిన్నర శాతం లెక్కన వేసినా 110 గ్రాములు దాటుతుంది. కాబట్టి సగం చేపలు పట్టి తీసేయండి, లేదా ఇలాంటిదే రెండో తొట్టె కట్టండి. నాలుగో రోజు నుంచి రోజుకు 50 గ్రాములు, రెండు పూటలుగా, తూచి వేయండి. పది నిమిషాల తర్వాత మిగిలిన గుళికలు జల్లెడతో తీసేయాలి.

పంపు కొనే ముందు, చేపల వ్యర్థాల నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను కొలిచే కిట్టు కొనాల్సింది. అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. మొత్తం అమ్మోనియా లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటితే మేత ఆపాలి. ఉదజని సూచిక (పీహెచ్) కూడా చూడండి. 30 డిగ్రీల వేడి నీళ్లలో అది 7 ఉన్నప్పటికన్నా 8 ఉన్నప్పుడు విషపు అమ్మోనియా దాదాపు పది రెట్లు. తొట్టె నెల రోజులు నిండుగా ఉండి వేళ్లకూ, బ్యాక్టీరియాకూ గాలి అందలేదు. ఇప్పుడేమో పై కంకర ఎండుతోంది. రెండు విధాలా అమ్మోనియాను మొక్కలకు పనికొచ్చే నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా దెబ్బతింది. పుదీనా పసుపు పడటానికి కారణం అదే, పురుగు కాదు.

పురుగుమందు గురించి గట్టిగానే చెబుతున్నాను. మిర్చికి కొట్టే సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటివి చేపలకు అతి విషం. ఆకు మీద కొట్టింది కంకరలోకి, అక్కడినుంచి డ్రమ్ములోకి పోతుంది. ఆ చేపలను తినేది మీ పిల్లలే. కింద చేపలున్నాయని అడగకుండా సీసా చేతిలో పెట్టినతనికి మీ తొట్టె గురించి ఏమీ తెలియదు. బిల్లు ఉంటే తిరిగిచ్చేయండి. పేనుబంక కనిపిస్తే నీళ్ల జల్లుతో కడిగేయండి, ఎక్కువుంటే ఆ కొమ్మ కోసేయండి.

సైఫన్ కుదురుకున్న పది రోజులకు కూడా కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య పసుపుగా వస్తే ఇనుము లోపం. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేయకండి, ఉదజని సూచిక ఎక్కువున్న నీళ్లలో అది తుప్పులా పేరుకుపోతుంది. 6 శాతం ఇనుమున్న ఈడీడీహెచ్‌ఏ చీలేట్ (నీళ్లలో కరిగే ఇనుము పొడి) 500 లీటర్లకు 16 గ్రాములు, సాయంత్రం కలపండి. నీళ్లు ఎర్రబడతాయి, భయపడకండి.

రెండు వారాలాగి బకెట్ ఎన్ని సెకన్లకు నిండింది, అమ్మోనియా ఎంత వచ్చింది, మేత ఎన్ని గ్రాములు వేశారు, ఈ మూడూ రాసి పంపండి. అవి లేకుండా రాస్తే నేను జవాబు చెప్పలేను.