మేటి ఆల్బమ్ ఏది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏడాది ముగింపుకు వచ్చేసరికి ఈ శీర్షికకు అందే ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే తగవు మీద ఉంటాయి. ఈసారి కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చినవాటిలో కొన్నింటిని ఎంచుకున్నాము. ఫలానా ఆల్బమ్‌కే మొదటి స్థానం ఇవ్వండని మాత్రమే కోరిన ఉత్తరాలను పక్కన పెట్టి, ఆ స్థానాన్ని ఎలా తేల్చాలని అడిగినవాటికి జవాబులు ఇస్తున్నాము. ఎందుకంటే, ఈ తగవులు చాలావరకు పాటల మీద కాక, ఎవరూ ముందుగా పైకి చెప్పుకోని నిబంధనల మీదనే నడుస్తున్నాయని ఉత్తరాలన్నీ చదివిన తరువాత మాకు అనిపించింది.

ప్రశ్న: మేము ఐదుగురు మిత్రులము సాయంత్రాలు కొండారెడ్డి బురుజు దగ్గర కలుసుకుని, ఏటా మేటి ఆల్బమ్‌ల జాబితా వేసుకుంటాము. ఒక సినిమాలోని తొలి పాట సెప్టెంబరులో వస్తుంది, సినిమా సంక్రాంతికి వస్తుంది. దానిని ఏ ఏటి ఖాతాలో వేయాలి? ఈ ఒక్క విషయం దగ్గరే మా జాబితా ప్రతిసారీ ఆగిపోతున్నది.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఈ చిక్కు మీ బృందంతో మొదలైనది కాదు. ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. అయినా ఆ సినిమా పాటలకు గాను సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్‌కు, గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, గాయని వాణీ జయరామ్‌కు లభించిన జాతీయ పురస్కారాలు 1979వ సంవత్సరానివి. జాతీయ పురస్కారాల వారు సినిమా థియేటరుకు వచ్చిన రోజును కాక సెన్సారు సర్టిఫికెట్ పుచ్చుకున్న రోజును లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి అలా జరిగింది. ‘ఆర్ఆర్ఆర్’ విషయంలో ముడి మరింత బిగిసింది. ‘నాటు నాటు’ పాట 2021 నవంబరులో జనం చెవిన పడింది, సినిమా 2022 మార్చి 25న వచ్చింది, సెన్సారు తేదీని బట్టి 2021వ సంవత్సరపు జాతీయ పురస్కారాలలో నేపథ్య సంగీతానికి కీరవాణి బహుమతి పొందారు, ఆస్కారు మాత్రం 2022 సినిమాల లెక్కలో 2023 మార్చిలో చేతికి వచ్చింది. అమెరికాలో సంగీతానికి ఇచ్చే గ్రామీ పురస్కారాల వారికైతే జనవరి ఒకటో తేదీతో పనే లేదు. 2026లో ఇచ్చిన గ్రామీల కోసం 2024 ఆగస్టు 31 నుంచి 2025 ఆగస్టు 30 వరకు వెలువడిన రికార్డులను పరిశీలించారు.

మీరు అడిగిన తీరుకు అచ్చంగా సరిపోయే ఉదాహరణ ‘అల వైకుంఠపురములో’. సిరివెన్నెల రాయగా సిద్ శ్రీరామ్ పాడిన ‘సామజవరగమన’ 2019 సెప్టెంబరులోనే ఊరూరా మోగింది. సినిమా 2020 జనవరి 12న వచ్చింది. తమన్‌కు పాటల విభాగంలో వచ్చిన జాతీయ పురస్కారం 2020వ సంవత్సరానిది. 2019 డిసెంబరులో జాబితా వేసుకున్న వారు ఆ పాటను చేర్చి ఉంటే తప్పు పట్టలేము. ఆ ఆల్బమ్‌ను చేర్చి ఉంటే మాత్రం తొందరపడినట్టే. ఆల్బమ్‌లోని పాటలన్నీ శ్రోతకు అందుబాటులోకి వచ్చిన రోజే దాని పుట్టినరోజుగా భావించాలన్నది మా అభిప్రాయం. చివరి పాటను థియేటరు కోసం దాచిపెట్టే అలవాటు ఇప్పుడు పెరిగింది కనుక, అటువంటప్పుడు సినిమా విడుదల తేదీనే ప్రమాణంగా తీసుకోండి. మరొక మాట: జాబితాను డిసెంబరు మొదటి వారంలో ముగించకండి. ‘పుష్ప’ మొదటి భాగం 2021 డిసెంబరు 17న వచ్చింది. ఆ ఏటి పాటలకు జాతీయ పురస్కారం దేవిశ్రీ ప్రసాద్‌ను వరించింది ఆ ఆల్బమ్‌కే.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. యూట్యూబ్‌లో దేనికి ఎక్కువ వ్యూస్ ఉంటే అదే ఆ ఏటి మేటి ఆల్బమ్ అని, ఇక చర్చ అవసరమే లేదని అంటాడు. మీరేమంటారు?
– విశ్రాంత రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: ఆ వ్యూస్ పాటవే గాని ఆల్బమ్‌వి కావని ముందుగా మీ అబ్బాయికి చెప్పండి. ఒక్క పాట విని ఆల్బమ్‌కు కిరీటం పెట్టడం, బస్తా మీది గుప్పెడు కాయలు చూసి సంతలో వేరుశనగ బేరం కుదుర్చుకోవడం వంటిది. పైగా వ్యూ అన్నంత మాత్రాన పాటను చివరి వరకు విన్నట్టు కాదు. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే చాలు, ఒకసారి విన్నట్టు లెక్కకు ఎక్కుతుంది. తొలి 24 గంటల రికార్డుల కోసం ప్రకటనలకు డబ్బు కుమ్మరించి వ్యూస్ పెంచుకునే పోటీ ముదిరిన తరువాత, అటువంటి ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూస్‌ను ఆ రికార్డులలో కలపబోమని 2019లో యూట్యూబే ప్రకటించవలసి వచ్చింది.

అంకెలు అసలే పనికిరావని మేము అనడం లేదు. పెళ్లి ఊరేగింపులో, వినాయక నిమజ్జనంలో జనం అడిగి మరీ వేయించుకునే పాటకు ఉన్న బలం నిజమైనదే. అయితే ఆ అంకెలను మరొక విధంగా చదవమనండి. ఒకే ఆల్బమ్‌లో అన్నింటికన్నా ఎక్కువగా విన్న పాటను, అన్నింటికన్నా తక్కువగా విన్న పాటను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటి నడుమ అగాధం ఉంటే అది ఒక హిట్ పాటకు తోడుగా వచ్చిన నాలుగు పాటలు మాత్రమే. చిట్టచివరి పాటను కూడా జనం వెతుక్కుని వింటున్నారంటే అప్పుడు దానిని ఆల్బమ్‌గా చర్చకు పెట్టవచ్చు.

ప్రశ్న: మాది పులివెందుల, మావారిది తాడిపత్రి. మా ఇంట్లో పాత పాటలే వింటాము. 1951లో మేటి ఆల్బమ్ ‘మల్లీశ్వరి’ అని నేను, ‘పాతాళభైరవి’ అని ఆయన, పెళ్లైన నాటి నుంచి వాదించుకుంటున్నాము. మీ తీర్పుకు కట్టుబడి ఉంటామని ఇద్దరమూ ఒప్పుకున్నాము.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఈ విడత వచ్చిన ఉత్తరాలన్నింటిలో మమ్మల్ని ఎక్కువ సేపు కూర్చోబెట్టినది మీదే. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డి కడప జిల్లావారు, ‘పాతాళభైరవి’ తీసిన కె.వి. రెడ్డి తాడిపత్రిలో పుట్టినవారు కనుక మీ తగవులో సొంత ఊరి అభిమానం ఎంత, పాటల అభిమానం ఎంత అన్నది మీరే ఆలోచించుకోవాలి. ‘పాతాళభైరవి’ పాటలకు వరుసలు కట్టిన ఘంటసాలది కృష్ణా జిల్లా, ‘మల్లీశ్వరి’కి స్వరాలు కూర్చిన సాలూరు రాజేశ్వరరావుది విజయనగరం వైపు. సంగీతం వరకు చూస్తే రాయలసీమకు ఇందులో పందెం లేదు. మీవారి పక్షాన నిలిచిన ఘంటసాల, మీ పక్షపు సినిమాలోనూ భానుమతితో కలిసి ‘ఆకాశవీధిలో’ పాడారు.

ఆ రోజుల్లో ఆల్బమ్‌గా విన్నవారు ఎవరూ లేరన్నది మరచిపోకూడదు. ఎక్కువసేపు మోగే ఎల్‌పీ రికార్డు 1948లో అమెరికాలో వచ్చినా, మన గ్రామఫోనుల మీద అప్పటికింకా నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులదే రాజ్యం. వాటిలో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. రికార్డు తిప్పి వేసుకుంటే మరొక పాట, అంతటితో సరి. ఈనాడు ఫోనులో వరుసగా వినిపించే క్రమం తరువాతి కాలపు కంపెనీలు పేర్చినది. తగవు తీర్చడానికి అప్పుడు పురస్కారాలు కూడా లేవు. జాతీయ పురస్కారాలు 1954లోనూ, నంది పురస్కారాలు 1964లోనూ మొదలయ్యాయి.

ఇక తీర్పు. రెండింటికీ ఒక సమానమైన బలం ఉంది: ‘పాతాళభైరవి’కి పింగళి నాగేంద్రరావు, ‘మల్లీశ్వరి’కి దేవులపల్లి కృష్ణశాస్త్రి, ఆయా సినిమాల పాటలకు ఒకే కలం పనిచేసింది. పాటకొక కవి చొప్పున రాయించే నేటి ఆల్బమ్‌లలో ఈ ఏకత్వం అరుదు. ‘పాతాళభైరవి’లో ఘంటసాల, పి. లీల కలిసి పాడిన యుగళగీతాలు ఏ జాబితాలోనైనా పై వరుసలో నిలబడతాయి, రేలంగి తానే పాడుకున్న హాస్యపు పాటకు కూడా అందులో చోటు దొరికింది. వైవిధ్యం కొలమానమైతే మీవారే గెలుస్తారు. కానీ ఆ హాస్యపు పాటలను తెర లేకుండా వింటే రుచి కొంత తగ్గుతుంది. ‘మల్లీశ్వరి’ పాటలను సినిమా చూడని మనిషికి క్రమంగా వినిపించండి. ఎడ్లబండి మీద అల్లరి చేసే పల్లెటూరి బావామరదళ్లు, వారి ఎడబాటు, అంతఃపురంలో బెంగ, మళ్లీ కలుసుకోవడం, అంతా పాటలలోనే తెలిసిపోతుంది. ఆల్బమ్ తన కాళ్ల మీద తాను నిలబడాలన్న కొలతతో మేము ‘మల్లీశ్వరి’కే మొదటి స్థానం ఇస్తున్నాము. తేడా మాత్రం స్వల్పమే.

మీవారు నొచ్చుకుంటే 1957కు తీసుకువెళ్లండి. కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’లో కొన్ని పాటలకు రాజేశ్వరరావు వరుసలు కట్టి తప్పుకోగా, మిగిలిన పని ఘంటసాల పూర్తి చేశారు. ఆ ఏడాదికి వాదన వస్తే మీరిద్దరూ ఒకే పక్షాన నిలబడవలసి ఉంటుంది.

ప్రశ్న: మా బృందంలో ఏటా గొంతు పెద్దదైన వాడి మాటే చెల్లుతున్నది. ముందుగా అందరమూ కలిసి పాటలు విని, చేతులెత్తి ఓటు వేసినా గొడవ తీరడం లేదు. మంచి పద్ధతి ఏదైనా చెప్పండి.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: న్యూయార్క్‌లోని ‘విలేజ్ వాయిస్’ పత్రిక సంగీత విమర్శకుల చేత ఏటా ఒక ఓటింగ్ జరిపించేది. ప్రతి విమర్శకుడికీ వంద మార్కులు ఇచ్చి, వాటిని పది ఆల్బమ్‌లకు పంచమనేవారు. ఏ ఒక్కదానికీ ముప్పైకి మించి, ఐదుకు తగ్గి ఇవ్వరాదన్నది నియమం. ఎంత గట్టి అభిమాని అయినా తన హీరో సినిమాకు వందకు వంద కట్టబెట్టే వీలు లేకపోవడమే ఇందులోని కిటుకు. మీరు పది ఆల్బమ్‌లు వినలేకపోతే ఐదింటికి యాభై మార్కులుగా మార్చుకోండి. చీటీలు రాసి మడిచి వేయండి, చేతులు ఎత్తవద్దు.

ఓటింగుకు ముందు అందరూ కలిసి పాటలు వింటారని మీ ఉత్తరంలో రాశారు. శబ్దస్థాయి సమానంగా ఉన్నదో లేదో చూసుకోండి. రెండు పాటలలో కాస్త పెద్దగా వినిపించినదే మెరుగైనదని చెవికి తోచడం మనుషులందరికీ సహజం. స్పాటిఫై వంటి సేవలు పాటలన్నింటినీ దాదాపు ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తాయి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్న పాటలకు ఆ సదుపాయం ఉండదు. కారులో వినడం కన్నా గదిలో, ఒకే స్పీకరు మీద వినడం మేలు. డోలు దెబ్బల పాటలకు అన్యాయం జరుగుతుందని భయపడనక్కరలేదు, వాటిలో సత్తా ఉంటే తక్కువ శబ్దంలోనూ కాలు కదులుతుంది.

ప్రశ్న: తాళ్లపాక మా ఊరికి దగ్గర. అన్నమయ్య సంకీర్తనల ఆల్బమ్‌లు ఏటా వస్తూనే ఉన్నా, సినిమా వారి జాబితాలలో ఒక్కటీ కనిపించదు. అవి ఎప్పుడో ఐదు వందల ఏళ్ల కిందటివి, ఈ ఏటివి ఎలా అవుతాయని కుర్రవాళ్లు ఎదురు ప్రశ్న వేస్తున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, రాజంపేట

జవాబు: సాహిత్యం పాతదే గాని చాలా సంకీర్తనల విషయంలో సంగీతం పాతది కాదు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సంకీర్తనల పాఠము, రాగం పేరు ఉన్నాయి గాని అన్నమయ్య పాడిన వరుస లేదు. ఈనాడు మనం వింటున్న బాణీలలో అధికభాగం ఇరవయ్యో శతాబ్దిలోనూ ఆ తరువాతనూ కట్టినవే. ఆ పనికి ముందుగా పూనుకున్నవారిలో ఒకరైన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ అనంతపురం జిల్లావారే. ఆయన తరువాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఎన్నో కీర్తనలకు వరుసలు కూర్చారు. కాబట్టి కొత్త బాణీలతో వచ్చిన సంకీర్తనల ఆల్బమ్ నిస్సందేహంగా ఆ ఏటి ఆల్బమే. అందరికీ తెలిసిన బాణీలనే కొత్త గొంతుతో పాడించిన దానిని మాత్రం గానానికి మెచ్చుకుని విడిగా ఉంచాలి. 1997 నాటి ‘అన్నమయ్య’కు కీరవాణికి జాతీయ పురస్కారం వచ్చినప్పుడు సాహిత్యం పాతదని ఎవరూ అభ్యంతరం చెప్పలేదని మీ కుర్రవాళ్లకు గుర్తు చేయండి.

ప్రశ్న: డబ్బింగ్ ఆల్బమ్‌లను తెలుగు జాబితాలో చేర్చవచ్చునా?
– ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: చేర్చవచ్చును, కానీ వేరే వరుసలో. పెదవుల కదలికకు, ముందే కట్టిన వరుసకు లొంగి తెలుగు రాయడం విడిగా మార్కులు వేయవలసిన విద్య. ‘రోజా’ తెలుగు పాటలు రాసిన రాజశ్రీకి దక్కవలసిన గౌరవం, ఏ.ఆర్. రెహమాన్ పేరు చాటున ఉండిపోయింది.

ప్రశ్న: మూడే పాటలున్న సినిమాను ఆల్బమ్‌గా పరిగణించాలా? మా హాస్టలులో ఈ విషయం మీద మాటలు ఆగిపోయే దాకా వచ్చింది.
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: క్యాసెట్ల కాలంలో ఏ వైపు రెండు పాటలు తక్కువైనా కంపెనీ వారు మరొక సినిమా పాటలు తెచ్చి నింపేవారు, లేదా ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు మరొక సినిమా పెట్టి అమ్మేవారు. ఇప్పుడు నింపవలసిన రీలు లేదు కనుక మూడు పాటలతో ఆగిపోతున్నారు. నాలుగు పూర్తి పాటలు ఉంటేనే ఆల్బమ్ అని మేము గీత గీసుకున్నాము. టైటిల్ సంగీతాన్ని, నిమిషం నిడివి బిట్‌లను, ఒకే పాటకు చేసిన రీమిక్స్‌ను ఆ నాలుగింటిలో లెక్కపెట్టడం లేదు. మూడు పాటల సినిమా ఎంత బాగున్నా మేటి పాటల జాబితాకు పంపండి, అక్కడ దానికి పోటీ ఇంకా గట్టిగానే ఉంటుంది. హాస్టలులో మాత్రం ఈ నాలుగు పాటల గీతను ఓటింగుకు ముందే గోడ మీద రాసి పెట్టండి. ఫలితం వచ్చాక రాస్తే మళ్లీ మాకే ఉత్తరం వస్తుంది.