అరవై వద్దురా, పన్నెండు చాలు

చిన్నా,

జాజ్ వాయించడానికి నేర్చుకుంటానని నువ్వు పంపిన లిస్టు చూశాను. 60 పాటలు! 45 నిమిషాల సెట్టులో వాయించేది ఆరో ఏడో, సోలోలు సాగితే అవీ పూర్తికావు. ఐప్యాడ్‌లో ఉన్నంతమాత్రాన వచ్చినట్టు కాదు. ఓ 12 తీసుకుని, కాగితం చూడకుండా వాయించేలా నేర్చుకో.

అందులో రెండు బ్లూస్, ఒక బోసా నోవా (బ్రెజిల్ లయ), ఒక వాల్ట్జ్ (మూడు దెబ్బల లయ), ఒక బాలడ్ (నెమ్మది పాట) ఉండాలి. గెర్ష్విన్ 1930లో కట్టిన 'ఐ గాట్ రిథమ్' కార్డ్స్ (పాట కింద కలిపి మోగే స్వరాల గుత్తులు) మీద నడిచే ట్యూన్ ఒకటి తప్పకుండా పెట్టుకో, ఎందుకంటే ఆ ఒక్క వరస చేతికి పట్టుబడిందంటే సాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్ కాలంవాళ్లు దాని మీదే కట్టుకున్నవి బోలెడు సులువవుతాయి. 'ఆటమ్ లీవ్స్' సరేసరి, కానీ కీ ఏదో ముందే అడుగు: అందరూ చూసే జాజ్ నోట్ల పుస్తకం రియల్ బుక్‌లో ఇ మైనర్, స్టేజి మీద చాలామంది జి మైనర్‌లో ఎత్తుకుంటారు. అడక్కుండా దిగి, మొదటి ఎనిమిది బార్లూ (మన ఆవర్తనాల్లాంటివి) బేస్ పట్టుకుని వెర్రినవ్వు నవ్వుతూ నిలబడ్డవాణ్ణి చెబుతున్నాను.

ఇంప్రొవైజేషన్ అంటే టెన్షన్ అన్నావు. కల్పనస్వరాలు పాడినవాడివి, నీకెందుకురా? ఎడుపు (తాళంలో పాట ఎత్తుకునే చోటు) తప్పితే మీ గురువుగారు ఎలా చూసేవారో, ఫారమ్ (పాటలో బార్ల వరస) తప్పితే డ్రమ్మర్ అలాగే చూస్తాడు. తేడా ఏమిటంటే, ఇక్కడ కింద కార్డ్స్ మారుతూ ఉంటాయి. అందుకే ముందు, కార్డ్స్ పెద్దగా మారని మైల్స్ డేవిస్ ట్యూన్ 'సో వాట్' పట్టు. 16 బార్లు డి డోరియన్ అనే స్కేలు, అంటే మన ఖరహరప్రియ స్వరాలే, తర్వాత అర స్వరం పైకెక్కి 8 బార్లు, మళ్లీ దిగి 8. సులువుగా కనిపిస్తుంది గానీ, చివరి 8కి తర్వాతి కోరస్‌లో (ట్యూన్ మొత్తం ఒక చుట్టు) మొదటి 16 కలిసి 24 బార్లు ఒకేచోట ఉండిపోతాం, అక్కడే అందరూ లెక్క మరిచిపోయేది. మరిచిపోతే కంగారుపడి ఇంకా వాయించకు. ఆగి విను, పియానో ఆ అర స్వరం పైకి మారగానే దూరిపో.

సోలో రెండు కోరస్‌లు చాలు. ఎవరైనా తల తట్టి చూపిస్తే హెడ్‌కి, అంటే అసలు ట్యూన్‌కి, తిరిగి రమ్మని, నాలుగు వేళ్లు చూపిస్తే డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకోమని. సింగర్ వస్తే మాత్రం కీ ఆవిడ ఇష్టం, వాదించకు.

శనివారం బేస్ తీసుకుని వస్తాను. ఆ ఐప్యాడ్ లోపల పెట్టెయ్.

బాబాయి