గేమింగ్ చైర్ కొనబోతున్న చిన్నాకు

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు కుర్చీలూ చూశాను. మూడూ ఎనిమిది వేలకూ పన్నెండు వేలకూ మధ్యలో ఉన్నాయి. మూడూ నలుపు, ఎరుపు. మూడింట్లో ఏది తీసుకోమంటావని అడిగావు. ఫొటో చూసి చెప్పగలిగే సంగతి కాదు నాన్నా ఇది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆఫీసులకు ఫర్నిచర్ కొనే పనిలోనే ఉన్నాను కాబట్టి కుర్చీలో ఏది ముందు పాడవుతుందో, కొనేటప్పుడు ఎక్కడ చూడాలో బాగా తెలుసు. అందుకే వాట్సాప్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఇంత రాస్తున్నాను. పగలంతా ఇంటి నుంచే ఉద్యోగం, రాత్రి మళ్ళీ అక్కడే ఆట. రోజులో సగం నీ నడుము ఆ కుర్చీ మీదే ఆధారపడుతుంది.

ముందు టేపు తీసుకుని నిన్ను నువ్వు కొలుచుకో. డైనింగ్ కుర్చీలో పాదాలు నేలకు ఆనించి కూర్చుని, నేల నుంచి మోకాలి వెనక మడత వరకు ఎత్తు చూడు. తర్వాత నడుము వెనక నుంచి ఆ మడత దాకా పొడవు. మూడోది నీ టేబుల్ ఎత్తు. మన ఇళ్ళలో టేబుళ్ళు ఎక్కువగా 29, 30 అంగుళాల దగ్గర ఉంటాయి. ఈ మూడు అంకెలూ చేతిలో ఉంటే సగం కుర్చీలు వాటంతటవే పక్కకు పోతాయి.

ఎందుకంటే ఈ కుర్చీలు చాలా వరకు పొడుగువాళ్ళకు సరిపోయేలా ఉంటాయి. పూర్తిగా కిందికి దించినా సీటు ఎత్తు 17, 18 అంగుళాలు ఉండేవి చాలానే ఉన్నాయి. నీ మోకాలి ఎత్తు అంతకంటే తక్కువైతే పాదాలు నేలకు ఆనవు. సీటు అంచు తొడ కింద నొక్కుతుంది, గంట తిరిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. వివరాల్లో సీటు ఎత్తు ఎంత నుంచి ఎంత వరకు అని రాస్తారు. అందులో చిన్న అంకె చూడు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లోతు సంగతికొస్తే, వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నప్పుడు సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. నడుము కుషన్ పెడితే నువ్వు ముందుకు జరుగుతావు కాబట్టి ఆ కుషన్ పెట్టుకునే చూసుకో.

ఈ కుర్చీల ఆకారం రేసు కార్ల సీట్ల నుంచి వచ్చింది. డీఎక్స్ రేసర్ అనే కంపెనీ ముందు కార్ల సీట్లు చేసేది. 2006లో అదే ఆకారాన్ని చక్రాలున్న ఆఫీసు కుర్చీకి తెచ్చింది, తర్వాత మిగతావాళ్ళంతా ఆ దారిలోనే నడిచారు. కారు మలుపు తిరిగేటప్పుడు డ్రైవరు పక్కకు జారకుండా సీటుకు రెండు వైపులా ఎత్తుగా దిమ్మలు పెడతారు. నీ గదిలో మలుపులు లేవు. ఆ దిమ్మలు తొడలను లోపలికి నెట్టడం తప్ప ఇంకేం చేయవు. పైగా నువ్వు చిన్నప్పటి నుంచీ ఏ కుర్చీలోనైనా పది నిమిషాలకోసారి బాసింపట్టు వేసుకునేవాడివి. దిమ్మలు ఎత్తుగా ఉంటే మోకాళ్ళు వాటి మీద ఎక్కి నొప్పెడతాయి. అందుకని సీటు వీలైనంత చదునుగా, పక్కలు తక్కువ ఎత్తుగా ఉన్నదే తీసుకో. సీటు వెడల్పు 20 అంగుళాలని రాస్తే, అది దిమ్మలతో కలిపి రాశారా, మధ్యలో చదును భాగమే రాశారా అని అడుగు. నువ్వు కూర్చునేది ఆ చదును మీదే.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ ధరలో డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నారో తెలియాలంటే కుర్చీని తలకిందులు చేసి చూడాలి. దుకాణంలో అడిగితే ఎవరూ కాదనరు. మొహమాటపడకు.

సీటును పైకి లేపే గొట్టంలో నైట్రోజన్ గ్యాస్ ఒత్తిడితో నింపి ఉంటుంది. దుకాణాల్లో దాన్ని హైడ్రాలిక్ అనేస్తారు. క్లాస్ 3, క్లాస్ 4 అని రకాలుంటాయి. అంకె పెరిగేకొద్దీ ఉక్కు గోడ మందం పెరుగుతుంది, ఎక్కువ బరువు తట్టుకుంటుంది. క్లాస్ 4 ఉంటే మంచిది. ఆ మాట పోస్టరు మీద కాకుండా గొట్టం మీదే అచ్చు వేసి ఉందా చూడు. సీటు పూర్తిగా పైకి లేపి కూర్చుని పది నిమిషాలు కబుర్లు చెప్పు. సీటు కొంచెం దిగినా వద్దను. అయితే కొన్న చాలా రోజులకు ఇది పాడైతే మాత్రం కంగారు పడక్కర్లేదు. ఎక్కువ కుర్చీలకు ఒకే సైజు గొట్టం సరిపోతుంది, కుర్చీలు రిపేరు చేసేవాళ్ళు కొత్తది వేసిస్తారు.

అంత తేలిగ్గా బాగుపడనిది సీటునూ వీపునూ కలిపే ఇనుప పట్టీల దగ్గర వస్తుంది. వెనక్కి వాల్చే లివరు ఉండేది అక్కడే. వీపు పైభాగం రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఊపు. కొంచెం కదలిక అన్నిట్లోనూ ఉంటుంది. టక్కుమని చప్పుడొస్తే, లేదా ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ కదిలితే దాన్ని అక్కడే వదిలెయ్. తర్వాత సీటు కింది ప్లేటు చూడు. వెల్డింగు నిండుగా ఉందా, చుక్కలు చుక్కలుగా అంటించారా అన్నది కంటికే తెలుస్తుంది. 180 డిగ్రీలు పడుకోవచ్చని రాసిన వాటిని నేను నమ్మి కొనను. అంత వెనక్కి వాలితే బరువంతా వెనక చక్రాల అవతలకి పోతుంది. కింది బేస్ చిన్నదైతే కుర్చీ తిరగబడుతుంది. అలాంటి వాటికి కాళ్ళు చాపుకునే జారుడు ఫుట్‌రెస్ట్ కూడా పెట్టిస్తున్నారు. ఈ ధరలో అది బలంగా ఉండదు, ఆ డబ్బు ఫోమ్‌లో పెట్టినవాడి కుర్చీ కొనుక్కో.

ఐదు కాళ్ళ బేస్ ఇనుముదైతేనే గట్టిదని దుకాణంవాళ్ళు అంటారు. కింద మందమైన అడ్డపట్టీలున్న నైలాన్ బేస్ కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఖరీదైన ఆఫీసు కుర్చీలెన్నింటికో అదే ఉంటుంది. రేకు పలచగా ఉన్న ఇనుప బేస్ కంటే నేను దానికే ఓటేస్తాను. చక్రాలు మాత్రం మన హైదరాబాద్ ఇళ్ళకు ముఖ్యం. నీ ఫ్లాటులో వేసినవి నున్నటి టైల్స్. గట్టి నైలాన్ చక్రాలైతే గీతలు పడతాయి, రాత్రి పన్నెండింటికి నువ్వు కుర్చీ జరిపితే కింది ఫ్లాటువాళ్ళకు గరగరమని వినిపిస్తుంది. పైన మెత్తటి పాలీయురేథేన్ పూత ఉన్న 60 ఎంఎం చక్రాలు అడుగు. మిగతా కుర్చీ బాగుండి చక్రాలొక్కటే బాగాలేకపోతే విడిగా కొని మార్చుకోవచ్చు. కాడ మందం ఎక్కువ కుర్చీలకు 11 ఎంఎం, ఐకియా కంపెనీ వాటికి 10 ఎంఎం. అది చూసుకుని కొను.

ఇప్పుడు పైకి వద్దాం. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల ఎండ ఎలా ఉంటుందో నీకు చెప్పాలా! నీ గది పడమటి వైపు, ఏసీ రాత్రి మాత్రమే వేస్తావు. ఫొటోలో మెరిసే ఆ లెదరు నిజానికి రెక్సిన్. దానికి గాలి ఆడదు, చెమటకు చొక్కా అతుక్కుపోతుంది. ఆ రెక్సిన్‌లో పీయూ లెదర్ అని రాసినవి చెమటకూ తేమకూ లోపలి నుంచి పాడై, కొన్నేళ్ళకు పొలుసులుగా రాలతాయి. తల ఆనే చోట, చేతులు పెట్టే చోట ముందు మొదలవుతుంది. తలకు నూనె రాసుకునే ఇళ్ళలో ఇంకా తొందరగా. వారంటీలో చాలామంది దీన్ని కలపరు కూడా. అందుకే నీకు గుడ్డ కవరున్నది చెబుతున్నాను, దొరక్కపోతే వీపు వైపు మెష్, అంటే గాలాడే జాలీ గుడ్డ ఉన్నది. గుడ్డకు దుమ్ము పడుతుంది, నిజమే. వారానికోసారి వాక్యూమ్ పెట్టుకో. అలా కాదు, నాకు రెక్సినే ఇష్టం అంటావా, అయితే తల వెనక ఒక నూలు టవలు వేసుకో, శానిటైజరుతో మాత్రం తుడవకు.

ఫోమ్ మెత్తగా ఉంటే మంచిదనుకుంటారు అందరూ. కూర్చోగానే హాయిగా మునిగిపోయే సీటు మూడు నెలల్లో చెక్క తగిలేలా అణిగిపోతుంది. సీటు మధ్యలో మోకాలు పెట్టి బరువంతా వెయ్. అడుగు చెక్క తగిలినట్టుంటే వద్దు. మోకాలు తీయగానే ఫోమ్ వెంటనే పైకి రావాలి. అచ్చులో పోసి చేసిన ఫోమ్ మేలు, పెద్ద దిమ్మలోంచి కోసి పెట్టింది తొందరగా అణుగుతుంది. డెన్సిటీ ఎంత అని అడుగు. ఘనపు మీటరుకు 50 కేజీల దగ్గర చెబితే ఈ ధరకు బాగున్నట్టే. దుకాణంలో కనీసం ఇరవై నిమిషాలు కూర్చో. రెండు నిమిషాలకు ఏ కుర్చీ అయినా బాగానే ఉంటుంది.

చేతులు పెట్టుకునే ఆర్మ్‌రెస్టులు పైకీ కిందికీ కదలాలి. కదలనివైతే, అవి నీ టేబుల్ అంచుకు తగులుతాయో లేదో నువ్వు రాసుకున్న కొలతతో చూడు. తగిలితే నువ్వు టేబుల్‌కు దూరంగా కూర్చుని భుజాలు ముందుకు వంచుతావు, మెడనొప్పి అక్కడే మొదలవుతుంది. యూఎస్‌బీ మసాజ్ కుషన్, రంగు లైట్లు ఇవన్నీ పట్టించుకోకు.

150 కేజీలు మోస్తుందన్న మాట, బిఫ్మా సర్టిఫైడ్ అన్న మాట ప్రతి పెట్టె మీదా కనిపిస్తాయి. బిఫ్మా అమెరికాలో ఫర్నిచర్ తయారీదారుల సంఘం. ఆఫీసు కుర్చీలకు వాళ్ళ పరీక్ష ప్రమాణం ఎక్స్5.1. చాలాసార్లు గొట్టమో చక్రాలో ఒక్కటే ఆ పరీక్షకు నిలిచినా, కుర్చీ మొత్తానికి ఆ ముద్ర ఉన్నట్టు రాస్తారు. కుర్చీ మొత్తానికి రిపోర్టు ఉందా అని అడుగు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్‌లో వర్క్ చైర్లకు ఐఎస్ 17631 అని ప్రమాణం ఉంది. ఆ అంకె కనిపిస్తే మంచి గుర్తు. ఇవేవీ దొరక్కపోతే కుర్చీ బరువు చూడు. నిండైన ఇనుప ఫ్రేము ఉన్న గేమింగ్ చైర్ మామూలుగా 18, 20 కేజీలు తూగుతుంది. 12 కేజీలే అంటే లోపల ఏదో తగ్గించారని అర్థం.

ఎక్కడ చూడాలి అంటే, ముందు హైటెక్ సిటీ ఐకియాకు వెళ్ళి రకరకాల కుర్చీల్లో కూర్చుని నీ ఒంటికి ఏ లోతు, ఏ ఎత్తు బాగుందో తెలుసుకో. కొనకపోయినా ఫరవాలేదు. తర్వాత సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల గేమింగ్ కంప్యూటర్లు అమ్మే దుకాణాలు చూడు. ఇంకొకటి నా మనసులో మాట. ఐటీ కంపెనీలు ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు మంచి ఆఫీసు కుర్చీలు సెకండ్ హ్యాండ్‌కు వస్తాయి. ఇదే పదివేలకు అలాంటిది దొరికితే, పగలు తొమ్మిది గంటలు పనిచేసే నీకు కొత్త గేమింగ్ చైర్ కంటే అదే మేలని నా నమ్మకం. అయినా నీ గదిలో నీకు నచ్చింది ఉండాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. మొదటి జీతంతో కొన్న కంప్యూటర్ పక్కన పెట్టుకునేది అది. రెండూ చూసి నువ్వే తేల్చుకో.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయమని మీ అమ్మకు ఫోను ఇవ్వు. రిటర్న్ గడువు అయ్యేదాకా అట్టపెట్టె పారేయకు. ఆ రోజుల్లో కుర్చీని దాచుకోకుండా రోజూ పూర్తిగా వాడు, లోపముంటే అప్పుడే బయటపడుతుంది. బిల్లు కచ్చితంగా తీసుకో, వారంటీ ఏ భాగానికి ఎన్నాళ్ళో రాతలో ఉండాలి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చెయ్యి.

బిగించేటప్పుడు ఒక్కటి బాగా గుర్తుంచుకో. వీపు బిగించకముందు పక్కనున్న లివరును లాగకు. లోపల స్ప్రింగు గట్టిగా ఉంటుంది, ఇనుప పట్టీ ఒక్కసారిగా లేచి వేళ్ళు నలిగిపోతాయి. బోల్టులన్నీ ముందు చేత్తో వదులుగా పెట్టి, అన్నీ కూర్చున్నాక ఎల్ ఆకారంలో ఉండే ఎలన్ కీతో బిగించు. నెల తర్వాత మళ్ళీ ఒకసారి బిగించు. కిర్రుమనే చప్పుళ్ళు చాలా వరకు దాంతోనే పోతాయి.

కుర్చీ ఎంత మంచిదైనా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. లాప్‌టాప్ కింద స్టాండు పెట్టి, తెర పైఅంచు కంటి ఎత్తుకు తీసుకురా. ఇప్పటికే నడుము నుంచి కాలి దాకా లాగుతోందని మీ అమ్మ చెప్పింది. అది తగ్గకపోతే కుర్చీ వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించు.

శనివారం నేను సీటీసీ వైపే వస్తున్నాను, నువ్వూ రా, కలిసి చూద్దాం. ఈలోగా ఆ మూడు కొలతలూ నాకు పంపు.

మీ పెద్దమ్మ