ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యం అంటే రిజాల్ ఒక్కడేనా?

"ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య పోరాటం గురించి ఏది చదివినా హోసే రిజాల్ పేరే వస్తోంది, ఇంకెవరూ లేరా?" అని అడిగారు. ఉన్నారు. రిజాల్ స్పెయిన్ పాలనను విమర్శిస్తూ నవలలు రాసిన డాక్టరు, అక్కడి జాతీయ వీరుడు. కానీ నన్నడిగితే అసలు మనిషి ఆండ్రెస్ బోనిఫాసియో.

నేను ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో మెడిసిన్ చదివాను. మెడిసిన్‌కు ముందు చేసే బీఎస్‌లో రిజాల్ మీద ఒక సబ్జెక్టే ఉంటుంది, 1956లో దానికి చట్టమే చేశారు. మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేశాను. ఒకరోజు జీప్నీలో, అంటే అక్కడి షేరింగ్ బండిలో, చార్జీ చేతులు మారుతూ డ్రైవర్ దగ్గరికి వెళ్తోంది. నా చేతిలోని చిల్లర చూసి పక్కనున్న ముసలావిడ "వీళ్లెవరో తెలుసా?" అంది. రిటైరైన టీచరట. అక్కడ అమ్మమ్మ వయసు వాళ్లను లోలా అంటారు. ఒక పీసో మీద రిజాల్‌ని చూపించాను. ఐదు పీసోల మీద ఎవరో చెప్పలేకపోయాను. "రిజాల్‌ని స్పెయిన్ వాళ్లు చంపారు. ఇతన్ని, బోనిఫాసియోని, మావాళ్లే చంపారు" అంది లోలా. తను దిగేదాకా అదే కథ చెప్పింది.

బోనిఫాసియో మనీలాలోని టోండోలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే చేతికర్రలు, కాగితం విసనకర్రలు అమ్మి తమ్ముళ్లను, చెల్లెళ్లను సాకాడు. గోదాములో పనిచేస్తూ సొంతంగా చదువుకున్నాడు. 1892లో కటిపునన్ అనే రహస్య సంఘం పెట్టాడు. 1896లో తిరుగుబాటుకు ముందు, దపితాన్‌లో నిర్బంధంలో ఉన్న రిజాల్ దగ్గరికి మనిషిని పంపించాడు. రిజాల్ కంటి డాక్టరు కదా, అనుమానం రాకుండా వెంట ఒక గుడ్డివాణ్ని పేషెంటుగా తీసుకెళ్లారు! ఇంకా సమయం కాలేదన్నాడు రిజాల్. బోనిఫాసియో ఆగలేదు. ఆగస్టులో అతని మనుషులు సెడ్యులా అనే పన్ను చీటీలు చింపేసి పోరాటం మొదలుపెట్టారు.

1897 మార్చి 22న తెహెరోస్‌లో విప్లవ ప్రభుత్వానికి ఎన్నికలు జరిగాయి. అధ్యక్ష పదవి అగినాల్డో అనే మరో విప్లవ నాయకుడికి వెళ్లింది, బోనిఫాసియోకు ఇంటీరియర్ శాఖ వచ్చింది. వెంటనే తిరోనా అనే ఆయన లేచి, ఆ పదవికి లా చదివినవాడు కావాలన్నాడు. సంఘం పెట్టినవాణ్ని, పోరాటం మొదలుపెట్టినవాణ్ని అందరి ముందూ నీకు డిగ్రీ లేదన్నారు. బోనిఫాసియో తుపాకీ తీశాడు. తర్వాత ఆ ఎన్నికే చెల్లదన్నాడు. మే 10న అగినాల్డో మనుషులు అతన్ని, తమ్ముడు ప్రొకోపియోని మరగొండాన్ కొండల్లోకి తీసుకెళ్లి కాల్చేశారు. అప్పటికే అతని మెడకు గాయం, నడవలేని స్థితి.

ఈ డిగ్రీ మాట దగ్గర నాకు కడుపు మండుతుంది. విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష పాసై వచ్చినా "ఫిలిప్పీన్స్ డిగ్రీయా?" అని ఇక్కడ మొహం చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనిషి చేసిన పని చూడరు, కాగితం చూస్తారు. పిల్లల్ని అక్కడికి చదువుకు పంపే మన కన్సల్టెన్సీల వాళ్లు కూడా అంతే. ఫీజు, హాస్టల్, ఆంధ్రా మెస్ గురించి గంటసేపు చెబుతారు, పిల్లలు అన్నేళ్లు బతకబోయే దేశం గురించి ఒక్క ముక్క చెప్పరు.

అగినాల్డో 1898 జూన్ 12న కవిట్‌లో స్వాతంత్ర్యం ప్రకటించాడు, నిజమే. అదే డిసెంబరులో స్పెయిన్ 2 కోట్ల డాలర్లకు ఆ దీవులను అమెరికాకు ఇచ్చేసింది. జెండా చేతికి రావడానికి 1946 దాకా పట్టింది. బోనిఫాసియోని బతకనిచ్చి, అందరూ ఒక్కటై ఉంటే అమెరికాకు అంత తేలికగా దక్కేది కాదని నా గట్టి నమ్మకం.

రిజాల్ గొప్పవాడు కాదని నేననను. మనీలా వెళ్తే రిజాల్ పార్కు తప్పకుండా చూడండి. కానీ అక్కడినుంచే తిరిగి వచ్చేయకండి. పక్కనే యునైటెడ్ నేషన్స్ స్టేషన్‌లో ఎల్ఆర్‌టీ రైలు ఎక్కి మోనుమెంటోలో దిగండి. ఆ స్టేషన్‌కు పేరు వచ్చింది బోనిఫాసియో స్మారకం వల్లే.