"నా కోర్టు నాటకంలో ప్రత్యక్ష సాక్షి అబద్ధమాడకుండానే తప్పు చెప్తాడు. జనం నమ్ముతారా?" అని మీరు అడిగారు.

నమ్ముతారు. ఎందుకంటే నేనే అలా చెప్పాను.

కొన్నేళ్ల కిందట ఒక కూడలిలో కారు, బైకు గుద్దుకున్నాయి. అప్పుడు నేను అక్కడే, రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. రెడ్ సిగ్నల్ పడినా కారు ఆగకుండా దూసుకొచ్చిందని పోలీసులకు చెప్పాను, తర్వాత కోర్టులోనూ అదే చెప్పాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు గొంతు పెంచలేదు. "ముందు చప్పుడు వినపడిందా, కారు కనపడిందా?" అని మాత్రం అడిగారు. కారే కనపడిందన్నాను, తడుముకోకుండా. ఆ తర్వాత ఎదుటి భవనం సీసీ కెమెరా ఫుటేజీ చూపించారు. అందులో నేను తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాను. గుద్దుకున్నాకే తలెత్తాను. సిగ్నల్ దాటింది బైకు.

అయినా ఆ కారు దూసుకురావడం ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టే ఉంటుంది. చూడనిది ఎలా గుర్తుంది? బైకు మీది కుర్రాడిని లేపుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు "కారువాడు ఆగనే లేదు" అంటున్నారు. ఆ మాట విన్నాను. ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కారు ఇంకాస్త స్పష్టంగా కనపడింది, నా గొంతులో నమ్మకమూ పెరిగింది.

1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం గురించి తర్వాత చదివాను. కార్లు ఢీకొన్న వీడియోలు చూపించి, వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదమే మార్చారు. "తగిలినప్పుడు" అని అడిగితే సగటున గంటకు 31.8 మైళ్లన్నారు, "బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు" అంటే 40కి పైనే అన్నారు. ఇలాంటిదే రెండో ప్రయోగంలో, వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగితే, ఆ గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. వీడియోలో పగిలిన గాజే లేదు.

నా పొరపాటును కెమెరా సరిదిద్దింది. అమెరికాలో రొనాల్డ్ కాటన్‌కు ఆ అదృష్టం లేదు. 1984లో అత్యాచారానికి గురైన ఒక మహిళ ఫొటోల్లో ఆయన్ను చూసి ఇతనేనంది. ఆమె ఆ నేరస్థుడి ముఖాన్ని కావాలనే శ్రద్ధగా గుర్తుపెట్టుకుంది, అబద్ధమాడే అవసరం ఆమెకు లేనే లేదు. అయినా ఆయన పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 1995లో డీఎన్ఏ పరీక్ష తర్వాతే విడుదలయ్యాడు. దీని గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ కారు డ్రైవరే గుర్తొస్తారు. నేను చెప్తుంటే ఆయన ఏమీ మాట్లాడకుండా నా వైపే చూస్తూ ఉన్నారు.

నాటకం కోసం '12 యాంగ్రీ మెన్' (1957) సినిమా ఒకసారి చూడండి. తండ్రిని చంపాడన్న కేసులో ఒక కుర్రాడి మీద తీర్పు చెప్పాల్సిన పన్నెండు మంది జ్యూరర్ల కథ అది. హత్య చూశానన్న ఎదురింటి మహిళ ముక్కు మీద కళ్లజోడు గుర్తులుండటం, అంటే కళ్లజోడు లేకుండా ఆమె సరిగా చూసి ఉండదన్న సంగతి, అందరికీ గుర్తుంటుంది. నాకైతే అంతకన్నా ఇంకో సీన్ గొప్పగా అనిపిస్తుంది. హత్య జరిగిన రాత్రి ఏ సినిమా చూశాడో చెప్పలేకపోయాడు కాబట్టి కుర్రాడు అబద్ధమాడుతున్నాడని ఒక జ్యూరర్ వాదిస్తాడు. గుచ్చి గుచ్చి అడిగితే, కొద్ది రోజుల కిందట తాను చూసిన సినిమా పేరు ఆయనే తప్పు చెప్తాడు. ఏ టెన్షనూ లేకుండా కూర్చున్న మనిషికే అలా అయింది.

మీ సాక్షిని బోనులో ఏడిపించి తప్పు ఒప్పించకండి. లాయరు కేకలు వేయనక్కర్లేదు, ముందు విన్నాడా, చూశాడా అని అడిగితే చాలు. అతను బోను దిగేటప్పుడు కూడా తాను చూసిందే నిజమని నమ్ముతూ దిగనివ్వండి. నేనలాగే దిగాను. ఆ ఫుటేజీలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ అనుకున్నాను.