జర్మన్ ఇంటిపేర్లు ఎలా వచ్చాయి, యుద్ధాలు వాటినేమైనా మార్చాయా?

ఉద్యోగం కోసం జర్మనీ వచ్చిన కొత్తలో నాకూ ఇదే సందేహం. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఫ్లాట్ నంబరే ఉండదు, కింద కాలింగ్ బెల్ పక్కన ఇంటిపేరు అతికిస్తారు, అది లేకపోతే మన పార్సిల్ వెనక్కి పోయినట్టే. ఆ బోర్డు చదివితే సగం జవాబు దొరుకుతుంది. ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు, ష్మిట్ కమ్మరి, ష్నైడర్ దర్జీ, వేబర్ నేతగాడు, షుల్ట్స్ ఊరి పెద్ద. మధ్యయుగాల్లో పట్టణాలు పెరిగి ఒకే పేరున్నవాళ్లు ఎక్కువైపోయాక చేసే పనితోనో, వచ్చిన ఊరితోనో పిలవడం మొదలై అదే వంశానికి నిలిచిపోయింది. మనకు మాక్స్ ముల్లర్ వల్ల తెలిసిన ఆ ఇంటిపేరే ఇప్పటికీ ఇక్కడ నంబర్ వన్.

ఇక యుద్ధం సంగతి, అంటే మొదటి ప్రపంచ యుద్ధం. బ్రిటన్ నౌకాదళానికి పెద్దగా ఉన్న బాటెన్‌బర్గ్ లూయీ, పద్నాలుగేళ్లకే ఆ నౌకాదళంలో చేరినా, ఆ జర్మన్ పేరూ మూలాలూ జనం కంట్లో పడి 1914 అక్టోబర్‌లో రాజీనామా చేయాల్సొచ్చింది. 1917లో ఆ కుటుంబం పేరు మౌంట్‌బాటన్‌గా మారింది. మన చివరి వైస్రాయ్ ఆయన కొడుకే. అదే ఏడాది గోథా అనే జర్మన్ బాంబర్లు లండన్ మీద పడుతుంటే, సాక్స్-కోబర్గ్-గోథా అని పేరున్న బ్రిటన్ రాజవంశం కూడా విండ్సర్ అయిపోయింది. ఆ పరిస్థితుల్లో ఇంకేం చేస్తారు మరి!

నాకు మాత్రం ఎమ్డెన్ కథే ఆసక్తి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసులో బర్మా ఆయిల్ ట్యాంకుల్ని పేల్చేసిన ఆ జర్మన్ యుద్ధనౌక కెప్టెన్ కూడా ఒక ముల్లరే, కార్ల్ ఫాన్ ముల్లర్. జపాన్ కూడా యుద్ధంలోకి దిగేలా ఉండటంతో చైనా తీరంలో ఇక నిలవలేమని అక్కడి జర్మన్ నౌకల అధిపతి అడ్మిరల్ ష్పే తన దళాన్ని పసిఫిక్ మీదుగా తీసుకెళ్తుంటే, ఈయన ఒక్క ఓడతో హిందూ మహాసముద్రంలోకి వెళ్తానని అడిగి మరీ వచ్చాడు. మూడు పొగగొట్టాల ఓడకు ఉత్తుత్తి నాలుగోది నిలబెట్టి బ్రిటిష్ ఓడలా కనిపించేవాడు. ఎన్ని ఓడలు ముంచాడన్నదానికంటే ఎన్ని ఓడలు భయంతో రేవు దాటలేదన్నదే అసలు దెబ్బ, ఎందుకంటే ఒక్క నౌకను పట్టుకోవడానికి శత్రువు ఎన్నో నౌకల్ని వేటకు పంపాల్సి వస్తుంది. మద్రాసులో జనం టెన్షన్‌తో ఊళ్లకు పారిపోయారు. తమిళంలో గడుసువాణ్ని ఎమ్డెన్ అనడం అలా వచ్చిందే. చివరికి నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర సిడ్నీ అనే ఆస్ట్రేలియా నౌక దాన్ని దెబ్బతీసింది.

ఇంతకీ మీ ప్రశ్నకు దీంతో సంబంధం ఏమిటంటే, బతికి బయటపడ్డ ఆ సిబ్బందికి తమ ఇంటిపేరు చివర ఎమ్డెన్ అని తగిలించుకునే హక్కు ఇచ్చారు, అది పిల్లలకూ వస్తుంది. అసలు ఎమ్డెన్ ఉత్తర జర్మనీలో ఒక రేవు పట్టణం, ఓడకు ఆ ఊరి పేరే పెట్టారు. కాబట్టి గీత పెట్టి ఎమ్డెన్ అని ఉన్న పేరు కనిపిస్తే వెంటనే ఆ ఊరివాళ్లని రాసేసుకోకండి, ముందు తాతగారు ఏ ఓడలో పనిచేశారో అడగండి.